ఒక్క కుర్చీ, తొమ్మిది ఓట్లు

అమెరికాలోని సియాటిల్ నగర కౌన్సిల్‌కు 2013లో సోషలిస్టు అభ్యర్థి క్షమా సావంత్ ఎన్నికయ్యారు. పుణెలో పుట్టిన ఆడబిడ్డ గెలిచిందని మురిసిపోయేవాళ్లు మనలో ఉన్నారు. ఆ మురిపెం దగ్గరే మాకు పేచీ.

తొమ్మిదిమంది ఉన్న కౌన్సిల్‌లో ఆమెది ఒక్క ఓటు. అయినా గంటకు 15 డాలర్ల కనీస వేతన చట్టం 2014 జూన్‌లో తొమ్మిది ఓట్లతోనూ నెగ్గింది. ఎలాగ? ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు అంతకుముందే సమ్మెకు దిగారు. కౌన్సిల్ కదలకపోతే తామే ప్రజల ఓటుకు పెడతామని కార్యకర్తలు పట్టుబట్టారు. అంత ఒత్తిడిలోనూ రాజీ తప్పలేదు; చిన్న యజమానులకు ఏళ్ల తరబడి గడువు దొరికింది. 2023లో కులవివక్షను నిషేధించే చట్టం 6-1 ఓట్లతో వచ్చినప్పుడూ సభలో జనం గంటలకొద్దీ మాట్లాడారు. ఆ ఏడాదితో ఆమె పదవి ముగిసింది. చట్టాలు నిలిచాయి.

మనమేమో సర్పంచి గెలిచిన రాత్రి డోలు కొడతాం, తర్వాత గ్రామసభకు పోము. పంతుళ్లు ఈ కథ బడిలో చెబితే, గెలిచినవారి పేరుకన్నా ముందు సమ్మె చేసినవారి పని చెప్పాలని మా మనవి. వెనక జనం లేని కుర్చీ వట్టి కొయ్యే.