నాలుక కింద అర మిల్లీగ్రాము

మందుల తయారీలో పనితనం అనగానే అందరూ కొత్త మందుల వైపు చూస్తారు. నేను మాత్రం ఒక పాతదాన్నే ముందు పెడతాను: నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్ర. గుండె కండరానికి రక్తం చాలక ఛాతీ బిగపట్టినట్టు వచ్చే నొప్పికి, డాక్టర్లు ఆంజైనా అనేదానికి, దీన్ని వాడతారు. మోతాదు సాధారణంగా అర మిల్లీగ్రాము, అంటే గ్రాములో రెండు వేలవ వంతు. దీనితో చెప్పే జాగ్రత్తలు వింటే చాదస్తం అనిపిస్తుంది. కూర్చుని వేసుకోవాలి, మింగకూడదు, వేరే డబ్బాలో పోయకూడదు. కానీ ఒక్కొక్కటీ ఆ పదార్థం స్వభావంలోంచి పుట్టిన నియమమే. తీసేయదగ్గది ఒక్కటీ లేదు.

ఆ స్వభావం మామూలుది కాదు. 1847లో ఇటలీలోని ట్యూరిన్‌లో దీన్ని మొదట తయారుచేసిన అస్కానియో సొబ్రేరో, కాస్త నాలుకకు తగిలించుకుంటే భరించలేని తలనొప్పి వస్తోందని గమనించాడు. ఆ తలనొప్పి వెనక మందు దాగి ఉందని తేల్చినవాడు లండన్ వైద్యుడు విలియం మరెల్. సీసా బిరడా తడిని నాలుకకు తాకించుకుని, నాడి ఎలా ఎగిసిపడుతోందో తన మీదే చూసుకుని, 1879లో లాన్సెట్ పత్రికలో ఆంజైనాకు ఇది మందని రాశాడు. ఇదే పదార్థంతో డైనమైట్ చేసిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు 1896లో, చివరి రోజుల్లో, గుండెజబ్బుకు డాక్టర్లు దీన్నే ఇచ్చారు. జనం బెదిరిపోకుండా ట్రినిట్రిన్ అని పేరు పెట్టారని ఆయనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. మాత్రలో ఉన్నది పేలదు లెండి, అంత పలచగా కలిపి ఉంటుంది.

ఇక అసలు నేర్పు. ఈ మందును మింగితే పేగుల్లోంచి కాలేయానికి వెళ్తుంది, అక్కడే చాలావరకు నాశనమైపోతుంది. నాలుక కింద పొర పలచన, దాని వెనకే రక్తనాళాలు. అక్కడ కరిగితే కాలేయం గడప తొక్కకుండా నేరుగా గుండెకు చేరుతుంది. ఒకటి నుంచి మూడు నిమిషాల్లో పని మొదలు, అరగంట అటూ ఇటూగా పని ముగింపు. అంత త్వరగా వెళ్లిపోవడం కూడా సుగుణమే, ఎందుకంటే అవసరం తీరాక రక్తపోటును పట్టుకు వేలాడదు. కరగడానికి ఉమ్మి కావాలి కాబట్టి, నోరెండిపోయి ఉంటే ముందు ఓ గుక్క నీళ్లు తాగాలి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది సీసా. నైట్రోగ్లిజరిన్ కర్పూరంలా హరించుకుపోయే సరుకు. ప్లాస్టిక్ దాన్ని పీల్చేస్తుంది, దూది కూడా పీల్చేస్తుంది. వెనకటి మాత్రల్లో అయితే ఒకే సీసాలో ఒక మాత్రలోని మందు పక్క మాత్రలోకి వలసపోయేది. పైకి అన్నీ ఒకేలా ఉన్నా ఒకదాంట్లో మందు ఎక్కువ, మరోదాంట్లో తక్కువ. ఛాతీ పట్టుకుని కూర్చున్న మనిషికి ఏది చేతికొస్తుందో అదృష్టం! మందును కట్టిపడేసే పదార్థాలు మాత్రలో కలిపాక ఆ బెడద తగ్గింది. ముదురు రంగు గాజు, బిగుతైన మూత, లోపల దూది లేకపోవడం, అన్నీ ఆ అర మిల్లీగ్రాము ఆవిరైపోకుండా కాపలాలే. ఆ మాత్రల్ని వారానికోసారి నింపుకునే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చామా, ఇంత పనితనమూ వృథా.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది దీని తమ్ముడు, ఐసోసార్బైడ్ డైనైట్రేట్. సార్బిట్రేట్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. ఇది ఘనపదార్థం, అంత తొందరగా ఆవిరి కాదు, అందుకే స్ట్రిప్పులో వస్తుంది. నాలుక కింద పెట్టుకునేది సాధారణంగా 5 మిల్లీగ్రాములు. ప్రభావం కాస్త ఆలస్యంగా మొదలై కాస్త ఎక్కువసేపు ఉంటుంది. అయినా చొక్కా జేబులో చెమటకూ ఎండకూ వదలదగ్గది కాదు.

లోపల జరిగేది ఇది: ఈ రెండు మందులూ నైట్రేట్లే, వాటి నుంచి నైట్రిక్ ఆక్సైడ్ పుట్టి సిరల్ని సడలిస్తుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, దాని చాకిరీ తగ్గుతుంది, నొప్పి దిగుతుంది. అదే సడలింపు వల్ల నిలబడినవాడు కళ్లు తిరిగి పడతాడు. కూర్చోమనేది అందుకే.

శరీరం దీనికి అలవాటు పడిపోతుందని డైనమైట్ ఫ్యాక్టరీల కార్మికులే ముందు తెలుసుకున్నారు. సెలవు గడిచి సోమవారం పనిలోకి వస్తే తలనొప్పి, వారం గడిచేకొద్దీ అది మాయం. ఆ సంగతే ఇప్పుడు మందుచీటీలో ఉంది. రోజూ వేసుకునే నైట్రేట్ మాత్రల్ని ఉదయం, మధ్యాహ్నం అని దగ్గర దగ్గరగా రాసి, రాత్రి దాదాపు పది పన్నెండు గంటలు ఖాళీ వదులుతారు. చీటీ తప్పు రాశారనుకుని రెండో మాత్రను రాత్రికి జరిపేవాళ్లున్నారు. జరపకండి.

నైట్రిక్ ఆక్సైడ్ రహస్యం విప్పిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది వయాగ్రా మార్కెట్లోకి వచ్చింది. ఆ మందునూ మొదట ఆంజైనా కోసమే పరీక్షించారు. నైట్రిక్ ఆక్సైడ్ మొదలుపెట్టిన సడలింపును అది ఆగనివ్వదు. వయాగ్రా, నైట్రేట్ రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణాల మీదికి వచ్చేంతగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ (వయాగ్రాలోని మందు) వేసుకున్న 24 గంటల్లోపు, అదే కోవకు చెందిన టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు నైట్రేట్ వాడకూడదు. ఆసుపత్రిలో భార్యాపిల్లల ముందు ఈ మాట చెప్పడానికి మొహమాటపడితే డాక్టరుకు తెలిసే దారి లేదు.

అలాగే ఫోన్లలో తిరిగే సలహా చూసి ఛాతీ నొప్పన్న ప్రతివాడి నోట్లో సార్బిట్రేట్ పెట్టేయడం మొరటుతనం. బీపీ అప్పటికే పడిపోయి ఉంటే, గుండె కవాటం బాగా సన్నబడి ఉంటే, కొన్ని రకాల గుండెపోట్లలో, అది హాని చేస్తుంది. మాత్రతో నొప్పి తగ్గితే అది గుండె నొప్పేనని రుజువు కూడా కాదు, అన్నవాహిక పట్టేసినా దీంతో తగ్గుతుంది.

ఇంత జాగ్రత్తగా మలిచిన వస్తువును మన మందుల షాపులో కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి కవర్లో వేసి ఇస్తారు. గడువు తేదీ ఒకరి ముక్కకు, పేరు మరొకరి ముక్కకు పోతాయి. మీ ఇంట్లో ఈ మందు వాడేవాళ్లుంటే తేదీ కనిపించే పూర్తి స్ట్రిప్పు అడిగి తీసుకోండి. ఎప్పుడు, ఎలా, ఎన్ని వేసుకోవాలో డాక్టరు చేత తెలుగులో రాయించుకోండి. మొదటి మాత్ర వేసుకున్న ఐదు నిమిషాలకు నొప్పి తగ్గకపోయినా, ముదిరినా వెంటనే 108కి ఫోన్ చేయాలన్న మాట ఆ కాగితం మీద పెద్దక్షరాల్లో ఉండాలి.