నాలుగు కేబుళ్ల లెక్క

స్విచ్‌లో నాలుగు పోర్టులు కలిపి ఒక్క లింకుగా కట్టాక ఏ ఆఫీసులోనైనా వచ్చే ప్రశ్న ఒకటే: "ఒక్కోటి 1 గిగాబిట్ కదండీ, నాలుగు కలిపారు. నా పెద్ద ఫైలు మాత్రం పాత వేగంతోనే పోతోందేం?"

స్విచ్ ఒక ఫైలు ప్యాకెట్లను నాలుగు కేబుళ్లకూ పంచదు. పంచితే వెనక బయల్దేరింది ముందు చేరొచ్చు. వరస తప్పితే టీసీపీ దారిలో ఏదో పోయిందనుకుని మళ్లీ పంపిస్తుంది, వేగమూ తగ్గించుకుంటుంది. అందుకే స్విచ్ పంపేవారి, అందుకునేవారి అడ్రసులతో చిన్న లెక్క వేస్తుంది. దాన్ని హ్యాష్ అంటాం. లెక్కలో ఏ కేబుల్ తేలితే ఆ సంభాషణ మొత్తం దాని మీదే నడుస్తుంది. టోల్‌గేట్‌లో నాలుగు వరసలు తెరిచినా ఒక లారీ ఒక వరసలోంచే పోవాలి కదా. ఒక్క ఫైలే వేగంగా పోవాలంటే 10 గిగాబిట్ పోర్టు కొనుక్కోమని ముందే చెప్పేస్తాను.

ఆ లెక్కకు ఏ అడ్రసులు ఇవ్వాలన్నది ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం. స్విచ్‌కూ సర్వర్‌కూ మధ్య కట్ట కట్టి, హ్యాష్‌కు మ్యాక్ అడ్రసులు మాత్రమే ఇచ్చారనుకోండి. రూటర్ దాటి వచ్చే వందమంది ట్రాఫిక్‌లోనూ కనిపించేవి రూటర్ మ్యాక్, సర్వర్ మ్యాక్, అంతే. అందరూ ఒకే కేబుల్ మీద పడతారు, మిగతావి ఊరికే వెలుగుతుంటాయి. ఐపీ అడ్రసులు, టీసీపీ పోర్టు నంబర్లు కూడా కలిపితే భారం చెదురుతుంది. చాలా సిస్కో స్విచ్‌లలో హ్యాష్ ఫలితం 8 గళ్లలో పడుతుంది. రెండు, నాలుగు, ఎనిమిది కేబుళ్లయితే వాటాలు సమానం. మూడు కడితే 3, 3, 2.

1990ల మొదట్లో కల్పన అనే సిలికాన్ వ్యాలీ కంపెనీ ఈథర్‌చానల్ పేరుతో ఈ పద్ధతి తెచ్చింది. 1994లో ఆ కంపెనీని సిస్కో కొనేసింది. ఎవరి స్విచ్‌తో ఎవరిదైనా కలిసేలా 2000లో ఐఈఈఈ 802.3ఏడీ ప్రమాణం వచ్చింది. 2008లో అది 802.1ఏఎక్స్‌గా మారింది. ఈ పద్ధతి రాకముందు రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు వేస్తే, లూప్ పడకుండా స్పానింగ్ ట్రీ ఒకదాన్ని మూసేసేది. కట్టగా కడితే దాని కంటికి అవి ఒకే లింకు.

ప్రమాణంతో పాటు వచ్చిన ఎల్‌ఏసీపీని నేను వదిలిపెట్టను. రెండు కొసలూ 30 సెకన్లకోసారో, సెకనుకోసారో ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. వరసగా మూడు పలకరింపులు రాకపోతే ఆ కేబుల్‌ను కట్టలోంచి తీసేస్తాయి. రెండు కొసలనూ పాసివ్‌లో పెడితే మాత్రం ఎవరూ ముందు పలకరించరు, కట్టే పడదు. ఇదంతా ఎందుకని ఎల్‌ఏసీపీ లేకుండా కట్టేవారుంటారు. మధ్యలో మీడియా కన్వర్టర్ ఉండి అవతల ఫైబర్ తెగినా, ఇవతల పోర్టు లైటు వెలుగుతూనే ఉండొచ్చు. స్విచ్ ఆ కేబుల్‌కు తన వాటా ట్రాఫిక్ పంపుతూనే ఉంటుంది, అది గాల్లో కలిసిపోతుంది. అప్పుడు "నాకు వస్తోంది, పక్క సీటుకు రావట్లేదు" అనే వింత ఫిర్యాదు మొదలవుతుంది. హ్యాష్ ఎవరిని ఏ కేబుల్ మీదికి తోసిందో తెలిస్తే తప్ప దాని అంతు దొరకదు.

అందుకే పని అప్పగించే ముందు, యజమాని చూస్తుండగానే ఒక్కో కేబుల్ పీకుతాను. ఒక పక్క పింగ్ నడుస్తుంటుంది, ఇంకో పక్క ఫైలు కాపీ అవుతుంటుంది. క్షణం తడబడి మళ్లీ అందుకుంటే సరే. పీకి చూడని కట్ట మీద నాకు నమ్మకం లేదు.

ఆ తర్వాత గ్రాఫు. మొత్తం ఎంత అన్నది కాదు, ఏ కేబుల్‌కు ఆ కేబుల్ విడిగా చూడాలి. రెండు కేబుళ్లు చెరో 70 శాతం నిండాయంటే ఆ కట్ట అప్పటికే చెడినట్టు లెక్క. ఒకటి పోతే మిగిలినది 140 శాతం మోయలేదు. "సగం ఖాళీగా ఉంచడానికా ఇంత ఖర్చు?" అని అడిగేవారికి నా జవాబు అవుననే. రెండు కేబుళ్లు కట్టినచోట ఒక్కటి మోయగలిగినంత పనే పెట్టండి, నాలుగు కట్టినచోట మూడింటి పని.