పెళ్లికి అడ్డుపడిన కాగితం

ప్రేమకథ అన్నాక ఒక అడ్డంకి ఉండాలి. మన కథల్లో కులమో, ఆస్తో, పాత పగో ఆ పని చేసిపెడుతుంది. వలసకాలపు అమెరికా నేపథ్యంగా క్రైస్తవ ప్రేమనవల రాసేవాళ్లకు ఆ వెతుకులాట అక్కర్లేదు. ఆనాటి అప్రెంటిస్ ఒప్పందపత్రం చదివితే చాలు. పని నేర్చుకోవడానికి యజమాని ఇంట చేరే కుర్రాడు జూదమాడకూడదు, సారాకొట్లకు వెళ్లకూడదు, యజమాని సొత్తు పాడుచేయకూడదు, అతని వృత్తి రహస్యాలు బయటపెట్టకూడదు. ఆ షరతుల వరసలోనే ఇంకొకటి ఉండేది. గడువు తీరేదాకా పెళ్లి చేసుకోకూడదు.

చారిత్రక కథలు రాయడం నా వ్యాపకం. అందుకే ఈ తరహా నవలల్ని పాఠకుడిగానే కాక పనివాడిగా కూడా చదువుతాను. కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1979లో ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ తెచ్చాక వీటికి పెద్ద పాఠకలోకం ఏర్పడింది. శృంగారం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ప్రేమతో పాటు నాయికానాయకుల విశ్వాసం కూడా పరీక్షకు నిలవాలి. ఇవి ఆ నవలల కట్టుబాట్లు. ఇంత కట్టుబాటులో రాయడం కష్టమని చాలామంది అనుకుంటారు. కథానాయకుణ్ణి అప్రెంటిస్‌గా పెట్టుకుంటే ఆ కట్టుబాటే కథకు బలమవుతుందని నా నమ్మకం.

ఆ పత్రాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. ఒకే కాగితం మీద ఒకే ఒప్పందం రెండుసార్లు రాసి, మధ్యలో వంకరటింకరగా కోసేవారు. ఒక ముక్క యజమానికి, రెండోది కుర్రాడి తరఫువాళ్లకు. రేపు తగాదా వస్తే రెండు అంచులూ కలిపి చూడాలి. వంకరలు కలిస్తే పత్రం అసలుది. మగపిల్లలకు మామూలుగా ఇరవై ఒకటి నిండేదాకా గడువు, ఆడపిల్లలకు ఎక్కువచోట్ల పద్ధెనిమిది దాకా. తిండి, బట్ట, పడక యజమాని చూసుకోవాలి, వృత్తి నేర్పాలి, చాలా ఒప్పందాల్లో చదవడం, రాయడం కూడా నేర్పాలి. గడువు తీరి వెళ్లేరోజున కొత్తబట్టలు పెట్టి పంపాలి. తండ్రి ఉన్నవాడికి తండ్రి సంతకం పెట్టేవాడు. తల్లీతండ్రీ లేని బిడ్డల్నీ, నిరుపేదల బిడ్డల్నీ ఊరి అధికారులే ఇలా ఎవరో ఒకరి ఇంట పెట్టేవారు.

ఇక విశ్వాసం సంగతి. ఆ రోజుల్లో అది ఆదివారానికి పరిమితం కాదు. మసాచుసెట్స్‌లో 1642 నాటి చట్టమే తల్లిదండ్రులు పిల్లలకూ, యజమానులు అప్రెంటిస్‌లకూ చదువూ, మతసూత్రాలూ నేర్పాలని చెప్పింది. కుర్రాడు యజమాని కప్పు కిందే పడుకుంటాడు, ఆ ఇంటి తిండే తింటాడు. కుటుంబ ప్రార్థనకు అందరితో పాటు కూర్చుంటాడు. ఎదురుగా యజమాని కూతురు కూర్చుంటుంది. బైబిల్ తెరిస్తే రాహేలు కోసం లాబాను ఇంట ఏడేళ్లు కొలువు చేసిన యాకోబు కథ ఉంటుంది. గడువు తీరాక లాబాను మోసం చేసి పెద్దకూతుర్ని అంటగట్టిన సంగతీ ఉంటుంది. ఓపిక పట్టినవాడూ, మాట తప్పిన యజమానీ ఒకే కథలో ఉన్నారు. ఏడేళ్ల గడువుకు కట్టుబడిన కుర్రాడు ఆ అధ్యాయం వింటూ ఏమనుకుని ఉంటాడు? నవలాకారుడికి ఇంతకంటే మంచి ఘట్టం దొరకదు.

నిజ జీవితంలో అందరూ ఓపిక పట్టలేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1718లో పన్నెండేళ్లవాడిగా బోస్టన్‌లో అన్న జేమ్స్ అచ్చుకూటంలో చేరాడు. ఇరవై ఒకటి నిండేదాకా ఉండాలి, కూలి చివరి ఏడాదికి మాత్రమే. అన్న చేయి చేసుకునేవాడు. 1723లో ఫ్రాంక్లిన్ పారిపోయి ఫిలడెల్ఫియా చేరాడు. రొట్టెలు చంకన పెట్టుకుని నములుతూ వీధిలో పోతున్న ఆ కుర్రాణ్ణి గుమ్మంలో నిలబడి చూసిన డెబొరా రీడ్ తర్వాత అతని భార్య అయింది. అప్రెంటిస్‌లు పారిపోయారని, పట్టిచ్చినవారికి బహుమానం ఇస్తామని ఆనాటి పత్రికల్లో ప్రకటనలు మామూలు. 1824లో నార్త్ కరోలినాలో ఓ దర్జీ, పారిపోయిన ఇద్దరు అన్నదమ్ముల కోసం పది డాలర్లు ప్రకటించాడు. వాళ్లలో చిన్నవాడు ఆండ్రూ జాన్సన్ 1865లో దేశాధ్యక్షుడయ్యాడు.

పారిపోయినవాడి కథ దానంతటదే పరుగెత్తుతుంది. ఉండిపోయినవాడి కథ రాయడమే కష్టం. నా దృష్టిలో క్రైస్తవ ప్రేమనవలకు అసలు పరీక్ష అదే. ఆ ఏళ్లన్నీ ఎలా గడిచాయో రచయిత చూపించగలగాలి. అది ఉపన్యాసాలతో సాధ్యం కాదు, పనితోనే సాధ్యం.

అచ్చుకూటాన్నే తీసుకోండి. చెక్క పిడికి తోలు బిగించి, లోపల ఉన్ని కూరిన బంతులు రెండు, ఒక్కో చేతికి ఒకటి. దీపపు మసిని కాచిన అవిసె నూనెలో కలిపిన సిరాను వాటికి పట్టించి, పేర్చిన అక్షరాల మీద అద్దాలి. ఎక్కువైతే అక్షరాల కన్నాలు మూసుకుపోతాయి, తక్కువైతే పేజీ వెలవెలపోతుంది. ఆ తోళ్లు గట్టిపడకుండా మూత్రంలో నానబెట్టేవారు. ఆ కంపు పని పిల్లాడి చేతుల్ని వదిలేది కాదు. ఆ చేతులతో ప్రార్థనకు కూర్చున్న కుర్రాడు, ఎదుటి అమ్మాయికి కనపడకుండా వాటిని ఒళ్లో దాచుకుంటే చాలు. అతని ప్రేమా, సిగ్గూ, భక్తీ ఒక్క కదలికలో తెలిసిపోతాయి. పుటలకొద్దీ ప్రార్థనలు రాసినా ఆ పని జరగదు.

అయితే ఓపికను పొగిడే రచయిత ఒక చేదు నిజాన్ని దాటెయ్యకూడదు. సేవకులు యజమానులకు లోబడాలన్న అపొస్తలుడు పౌలు లేఖల్లోని మాటల్ని ఆ కుర్రాళ్లకు నూరిపోసేవారు. కొట్టే యజమాని చేతిలోనూ అదే బైబిల్ ఉండేది. యజమానులు న్యాయంగా నడుచుకోవాలని ఆ లేఖల్లోనే ఉన్న మాటను ఎంతమంది గట్టిగా చదివి ఉంటారు? క్రూరంగా హింసించే యజమాని మీద అప్రెంటిస్ న్యాయాధికారికి ఫిర్యాదు చేసుకునే వీలుండేది. న్యాయస్థానం ఒప్పందాన్ని రద్దు చేసి అతణ్ణి విడిపించగలిగేది కూడా. అంటే పారిపోవడం, పడివుండటం కాక మూడో దారి ఉండేది. నమ్మకమున్న కథానాయకుడు ఆ దారి పట్టాడంటే అతని భక్తికి మచ్చ రాదు, వన్నె వస్తుంది.

సమాజం మొత్తం మతనియమం మీద నడిచిన ఊళ్లూ ఉన్నాయి. మొరేవియన్ క్రైస్తవులు 1766లో కట్టడం మొదలుపెట్టిన సేలం నార్త్ కరోలినాలో ఉంది. అక్కడ పని నేర్చుకునే కుర్రాళ్లు ‘పెళ్లికాని సోదరుల ఇల్లు’ అనే సంఘపు వసతిలో ఉండేవారు. పెళ్లి మాట వస్తే పెద్దల సభ చీట్లు వేసేది. ఒక చీటీ మీద అవును, ఒకదాని మీద కాదు, ఇంకొకటి ఖాళీ. ఖాళీ చీటీ వస్తే ఇంకా ఆగాలి. వచ్చిన చీటీయే దేవుని చిత్తం. మామూలు సభ్యులకు ఈ నియమం 1818లో తొలగింది. మరుసటి ఏడాదే వెండిపనివాడు జాన్ వోగ్లర్ క్రిస్టినా స్పాక్‌ను పెళ్లాడాడు. అతను చిన్నతనంలో బంధువు దగ్గర తుపాకుల పని నేర్చినవాడు. 1819లో వోగ్లర్ కట్టుకున్న ఇల్లు ఇప్పటికీ నిలిచే ఉంది.

అదే సేలంలో కుండల పనిలో ఆరితేరిన పీటర్ ఆలివర్ బానిస. ఆ సంఘంలో సభ్యుడై కూడా 1800 దాకా అతనికి స్వేచ్ఛ లేదు. అప్రెంటిస్ కాగితానికి ఒక చివరి తేదీ ఉంది, బానిస బతుక్కి అలాంటి తేదీ లేదు. పక్కపక్కనే పనిచేసిన అప్రెంటిస్, బానిసల్లో ఒకరినే చూపించే నవల ఎంత అందంగా ఉన్నా సగం నిజమే చెబుతుంది.

గుంటూరువాడిగా నాకు ఈ లోకం పరాయిగా అనిపించదు. 1842లో మా ఊరు చేరి లూథరన్ మిషన్‌కు పునాది వేసిన ఫాదర్ హయ్యర్ జర్మనీలో పుట్టారు. 1807లో, ఇంకా కుర్రవాడిగా ఉండగానే, ఫిలడెల్ఫియాలో తోళ్ల, టోపీల వ్యాపారం చేసే మేనమామ దగ్గరికి వచ్చారు. మా ఊళ్లో బళ్లు పెట్టిన మనిషి ఆ దుకాణాల వీధుల్లోంచే నడిచి వచ్చారు.

ఈ నవలలు రాయాలనుకునే యువతీయువకులకు నేను చెప్పేది ఒకటే. ముందు మీ కథానాయకుడి ఒప్పందం రాసుకోండి. ఏ వృత్తి, ఎవరి ఇల్లు, ఎన్నేళ్ల గడువు, సంతకం ఎవరిది, ఏ తేదీకి తీరుతుంది? ఆ తేదీకి ముందే అతను అమ్మాయికి మాట ఇస్తే ఏ షరతు తప్పినట్టు? ఇవ్వకపోతే ఆమె ఎన్నాళ్లు ఆగుతుంది? ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు వెతికితే ప్రేమ ఎక్కడ నిలబడాలో, నమ్మకం ఎక్కడ పరీక్షకు రావాలో ఆ కాగితమే చెబుతుంది. గడువు తీరేరోజుకు అతని చేతికి పని వచ్చి ఉండాలి, అతని మాటకు విలువ వచ్చి ఉండాలి. అప్పుడు జరిగే పెళ్లిని పాఠకుడు మనస్ఫూర్తిగా దీవిస్తాడు.