ఎప్పటి నుంచి?

పార్లమెంటు చేసే చట్టాల్లో చాలావాటికి మొదటి సెక్షన్‌లోనే ‘కమెన్స్‌మెంట్’ అనే మాట తగులుతుంది. నిఘంటువు ‘ప్రారంభం’ అంటుంది. ఆ మాట రాస్తే షాపు రిబ్బను కత్తిరించినట్టుంటుంది. అందుకే పత్రిక డెస్కులో నేను ‘అమల్లోకి వచ్చే తేదీ’ అనే రాస్తాను, చోటు ఎక్కువ తిన్నా సరే.

ఉభయసభలు ఆమోదించి, రాష్ట్రపతి సంతకం చేశాక బిల్లు చట్టమవుతుంది. అయితే చాలా చట్టాల్లో, ప్రభుత్వం నోటిఫికేషన్‌లో చెప్పిన రోజు నుంచే అమలు అని ఒక మెలిక ఉంటుంది. నిశ్చితార్థం అయింది, ముహూర్తం పెట్టలేదు అన్నమాట.

2024 జనవరి మొదట్లో హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరడం గుర్తుందా? నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమైన డ్రైవరు పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అంటోంది కొత్త శిక్షాస్మృతి ‘భారతీయ న్యాయ సంహిత’లోని సెక్షన్ 106(2). అది వద్దంటూ డ్రైవర్లు లారీలు, ట్యాంకర్లు ఆపేశారు. ఆ శిక్ష అప్పటికే అమలవుతోందని నమ్మినవాళ్లు నాకు తెలిసి బోలెడుమంది. నిజానికి అప్పటికి సంహితే అమల్లోకి రాలేదు. ఫిబ్రవరిలో నోటిఫికేషన్ ఇచ్చి జులై 1 నుంచి అన్నారు. అందులోనూ 106(2)ను పక్కన పెట్టారు.

ఇంకా పాత ముచ్చట ఒకటుంది. ఎమర్జెన్సీ తర్వాత జనతా ప్రభుత్వం 1978లో 44వ రాజ్యాంగ సవరణ తెచ్చింది. సలహా మండలి అభిప్రాయం లేకుండా ఒక మనిషిని ముందస్తుగా నిర్బంధించే గడువును మూడు నెలల నుంచి రెండుకు తగ్గించే సెక్షన్ అందులో ఉంది. దానికి మాత్రం నోటిఫికేషన్ రాలేదు. ఫలానా రోజు నుంచి అమలు చేయమని ప్రభుత్వాన్ని ఆదేశించలేమని సుప్రీంకోర్టు 1981లో ఎ.కె.రాయ్ కేసులో చెప్పేసింది. రాజ్యాంగ ప్రతుల్లో ఆ సవరణ 22వ అధికరణం కింద ఫుట్‌నోట్‌గానే అచ్చవుతోంది. సభ ఒప్పుకున్నదాన్ని సర్కారు ఇలా బీరువాలో పెట్టుకోగలగడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

(అమెరికాలో పిల్లల పట్టా వేడుకకు వెళ్లొచ్చినవాళ్ల నోట కూడా ‘కమెన్స్‌మెంట్’ అనే మాటే వింటాం. చదువు ముగిసిన రోజుకు ఆ పేరేమిటంటారా? మధ్యయుగాల యూరప్‌లో పట్టా అందుకున్నవాడు ఇక గురువుగా పాఠం మొదలుపెట్టేవాడు. అక్కడి నుంచి వచ్చిన వాడుక అది.)

కొత్త చట్టం వచ్చిందని ఈసారి పేపర్లో చూస్తే, ఎప్పటి నుంచి అమలో ఆ వార్తలో వెతకండి. కనిపించకపోతే ఎడిటరుకు ఉత్తరం రాయండి, మా పత్రికైనా సరే.