హ్యామ్ రిసీవర్‌లో ఫిల్టర్ మార్పు

కోరిన స్టేషన్‌ను రానిచ్చి, పక్క స్టేషన్లను ఆపడం హ్యామ్ (ఔత్సాహిక రేడియో) రిసీవర్‌లో ఫిల్టర్ పని. మన దేశంలో హ్యామ్‌లు ఎక్కువగా వాడే 40 మీటర్ల బ్యాండ్ 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకానే ఉంటుంది. మోర్స్ సంకేతాలూ మాటలూ అన్నీ అందులోనే సర్దుకోవాలి. 7.2 దాటితే ప్రసార కేంద్రాల భారీ ట్రాన్స్‌మిటర్లు మొదలవుతాయి. ఆ ఇరుకులో బలహీనమైన సంకేతం వినబడాలంటే గెయిన్ పెంచితే చాలదు. సంకేతంతోపాటు పక్క స్టేషన్ గోల కూడా అంతే పెరుగుతుంది.

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో రూపొందించిన సూపర్‌హెటెరోడైన్ పద్ధతిలో యాంటెనా నుంచి వచ్చే సంకేతం, అది ఏ పౌనఃపున్యంలో ఉన్నా, మిక్సర్‌లో ఒకే మధ్యంతర పౌనఃపున్యానికి, అంటే ఐఎఫ్‌కు, మారుతుంది. అందువల్ల ఆ ఒక్క పౌనఃపున్యానికి మంచి ఫిల్టర్ పెడితే అన్ని బ్యాండ్లకూ సరిపోతుంది. దీనికి క్వార్ట్జ్ క్రిస్టళ్లు బాగా పనికొస్తాయి. తమ సహజ పౌనఃపున్యం దగ్గర మాత్రమే అవి సంకేతాన్ని సులువుగా దాటనిస్తాయి.

ఫిల్టర్‌ను ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది వెడల్పు. ఎస్‌ఎస్‌బీ (ఒకే సైడ్‌బ్యాండ్) మాటలకు సుమారు 2.4 కిలోహెర్ట్జ్ కావాలి. మోర్స్‌కు 500 హెర్ట్జ్ చాలు. 2.4 కిలోహెర్ట్జ్ నుంచి 500 హెర్ట్జ్‌కు తగ్గిస్తే వెనక వినబడే హోరు దాదాపు 7 డెసిబెల్‌లు తగ్గుతుంది. అలాగని మరీ ఇరుకు చేస్తే డాట్లు, డ్యాష్‌లు ఒకదానిలోకి ఒకటి సాగి మోగుతాయి. రెండోది అంచుల నిటారుతనం. 60 డెసిబెల్‌లు తగ్గే చోటి వెడల్పును 6 డెసిబెల్‌లు తగ్గే చోటి వెడల్పుతో భాగిస్తే వచ్చేది షేప్ ఫ్యాక్టర్. అది 1కి ఎంత దగ్గరైతే పక్క స్టేషన్ అంత బాగా తెగిపోతుంది. క్రిస్టళ్ల సంఖ్య పెరిగేకొద్దీ అంచులు నిటారవుతాయి.

ఫిల్టర్ ఎక్కడుందన్నది వెడల్పంత ముఖ్యం. స్పీకర్ ముందు ఆడియో ఫిల్టర్ పెడితే పక్క స్టేషన్ చెవికి వినబడదు గాని, అప్పటికే అది ఏజీసీని, అంటే గెయిన్‌ను తానే సర్దే భాగాన్ని, లాగి రిసీవర్ గెయిన్‌ను తగ్గించేసి ఉంటుంది. కావలసిన సంకేతం దానితోపాటే మునిగిపోతుంది. ఐఎఫ్‌లో ఫిల్టర్ ఉంటే ఈ చిక్కు రాదు. ఎఫ్‌ఎం కూడా దాటాలని, ఒకటికి మించి ఐఎఫ్‌లున్న చాలా రిగ్‌లలో (రేడియో సెట్లలో) మొదటి ఐఎఫ్ ఫిల్టర్‌ను 15 కిలోహెర్ట్జ్ వెడల్పున పెడతారు. ఆ వెడల్పులో బలమైన స్టేషన్ ఉంటే తర్వాతి మిక్సర్‌ను అదరగొడుతుంది. అక్కడ పుట్టే నకిలీ సంకేతాలను వెనకనున్న డీఎస్‌పీ (డిజిటల్ ఫిల్టర్) తీసేయలేదు. మొదటి ఐఎఫ్‌లోనే ఇరుకైన రూఫింగ్ ఫిల్టర్ పెట్టడం అందుకే.

ఫ్యాక్టరీ రిగ్‌లలో మార్పు సులువు. యాయెసు ఎఫ్‌టీ-817లో 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ దగ్గర ఒక అదనపు ఫిల్టర్‌కు చోటుంది. మోర్స్ ఇష్టపడేవారు 500 హెర్ట్జ్ వైఎఫ్-122సిని, మాటలకే వాడేవారు 2.3 కిలోహెర్ట్జ్ వైఎఫ్-122ఎస్‌ను అందులో గుచ్చి, ఆన్ చేస్తారు. కెన్‌వుడ్ టీఎస్-830ఎస్‌లో 8.83 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటి, 455 కిలోహెర్ట్జ్ దగ్గర మరొకటి అమర్చవచ్చు. ఒకటి వదిలేసినదాన్ని రెండోది ఆపుతుంది కాబట్టి అంచులు ఇంకా నిటారవుతాయి.

సొంతంగా కట్టేవారి దారి వేరు. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ రిగ్‌లో ఖరీదైన రెడీమేడ్ ఫిల్టర్ ఉండదు. బజారులో చవకగా దొరికే మామూలు క్రిస్టళ్లే వరసగా నిచ్చెనలా ఉంటాయి. బిట్‌ఎక్స్-20లో అవి 10 మెగాహెర్ట్జ్‌వి. ఇలాంటి ఫిల్టర్‌ను మెరుగుపరచడానికి కొన్ని క్రిస్టళ్లు ఎక్కువే కొని, ఒక్కొక్కదాన్నీ ఒకే ఆసిలేటర్‌లో పెట్టి, ఫ్రీక్వెన్సీ కౌంటర్‌తో కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని జత చేస్తారు. వాటి మధ్య తేడా ఫిల్టర్ వెడల్పులో పదో వంతు దాటకపోతే మేలు. నిచ్చెన మెట్ల చోట ఉండే కెపాసిటర్ల విలువ పెంచితే వెడల్పు తగ్గుతుంది. దాంతోపాటు ఇంపిడెన్స్ కూడా తగ్గుతుంది కనుక రెండు చివర్లా ఉన్న రెసిస్టర్లను తిరిగి సరిచూడాలి. లేకపోతే ఫిల్టర్ నడిమధ్యన ఎగుడుదిగుళ్లు వచ్చి గొంతు వికారమవుతుంది. క్రిస్టళ్ల లోహపు తొడుగులను సన్నని తీగతో గ్రౌండ్‌కు కలపాలి. ఎక్కువ వేడి తగలకుండా సోల్డరింగ్ త్వరగా ముగించాలి. ఫిల్టర్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ తీగలు దగ్గరగా ఉంటే సంకేతం ఫిల్టర్‌ను తప్పించుకుని దూకుతుంది.

బిట్‌ఎక్స్‌లో వినడానికీ పంపడానికీ ఒకే ఫిల్టర్. అందుకని మోర్స్ కోసం దాన్ని మరీ ఇరుకు చేస్తే పంపే గొంతు కూడా మూగబోతుంది.

చివరి పని బీఎఫ్ఓను, అంటే రిసీవర్‌లో క్యారియర్‌ను పుట్టించే ఆసిలేటర్‌ను, సరిచేయడం. ఫిల్టర్ వెడల్పు మారితే దాని అంచులు జరుగుతాయి. క్యారియర్ ఆ అంచుకు కాస్త బయట, సుమారు 20 డెసిబెల్‌లు తగ్గే చోట ఉండాలి. లోపలికి జరిగితే అవతలి సైడ్‌బ్యాండ్ వినబడుతుంది, బయటికి పోతే గొంతులో గంభీరత పోతుంది. నానోవీఎన్ఏ అనే కొలత పరికరం ఉంటే ఫిల్టర్ ఆకారం తెరమీదే కనబడుతుంది. లేనివారు నిలకడైన సంకేతాన్ని రిసీవర్‌కిచ్చి, ట్యూనింగ్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ ఎస్-మీటర్ రీడింగులను గ్రాఫ్ కాగితంపై గుర్తించినా అదే ఆకారం సుమారుగా వస్తుంది. మార్పుకు ముందూ తర్వాతా గీసిన గ్రాఫులను పోల్చితే ఫిల్టర్ ఎంత మెరుగుపడిందో తెలుస్తుంది.