పద్మనాభం వీరుడి మనసు ఎవరి నోట వినాలి?

విశాఖ జిల్లాలో, భీమిలికి ఎగువన గోస్తనీ నది దగ్గర పద్మనాభం ఉంది. కొండమీద అనంత పద్మనాభస్వామి గుడి, దానికి వెయ్యికి పైగా మెట్లు. కార్తీకమాసం చివర వచ్చే అమావాస్యనాడు ఆ మెట్ల వెంట దీపాలు పెడతారు. 1794 జూలై 10న ఆ కొండ దిగువనే విజయనగరం రాజు పూసపాటి చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. పోరు గంటసేపైనా సాగలేదు. రాజువైపు దాదాపు నాలుగువేల మంది ఉన్నారు. కంపెనీ దళం అంతకంటే చాలా చిన్నది, దానికి కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకుడు. రాజుతోపాటు నేలకొరిగిన మూడువందల మందిలో ఎక్కువమంది ఆయన బంధువర్గంలోని రాచవారే.

కంపెనీ కాగితాలు ఈ పోరుకు చెప్పే కారణం పేష్కషు, అంటే కప్పం, బకాయి. పాత బాకీ కట్టలేదు, సైన్యాన్ని తగ్గించమంటే తగ్గించలేదు, మద్రాసు వెళ్ళమంటే వెళ్ళకుండా పద్మనాభంలో మకాం పెట్టాడు. ఇందులో అబద్ధం లేదు. కానీ బాకీపడ్డ జమీందారులందరూ ప్రాణాలు ఇవ్వలేదు. మద్రాసులో పింఛను పుచ్చుకుని బతికే దారి ఉండగా ఈయన ఈ దారి ఎందుకు పట్టాడు? అందుకు ఆయన ఎవరి మధ్య పెరిగాడో, ఎవరి చేతుల్లో నలిగాడో చూడాలి. ఉత్తరాంధ్ర కథకులకు బాగా తెలిసిన విద్య ఇదే. వాళ్ళు వీరుడి మనసును వీరుడి నోట చెప్పించరు, అతని చుట్టూ ఉన్నవాళ్ళ నోట పలికిస్తారు.

షేక్స్‌పియర్ హామ్లెట్ తన సందేహాలను ఒంటరిగా నిలబడి తనలో తానే చెప్పుకుంటాడు. బుర్రకథ వీరుడికి అలాంటి ఏకాంతం దొరకదు. తంబురా భుజాన వేసుకున్న కథకుడికి ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు నిలబడతారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వంతల పని తాళం వేయడంతో అయిపోదు. కథ బరువెక్కే చోట కథకుణ్ణి ఆపి అడుగుతారు: అప్పుడు ఆ తల్లి ఏమందన్నా? ఆ ఇల్లాలు ఒప్పుకుందా? ఆ ప్రశ్నతో రాజు కాసేపు రాజుగా ఉండడం మాని కొడుకో, మొగుడో, అన్నో అవుతాడు. కోట గోడల దగ్గర మీసం దువ్విన మనిషి గడపలోపల తడబడడం శ్రోతకు కనిపిస్తుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ ఈ కళను ఊరూరా తిప్పి 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన చెప్పిన కథల్లో బొబ్బిలి, పల్నాటి యుద్ధాలు రెండూ ఉన్నాయి. రెండూ ఇళ్ళ మధ్య రగిలిన పగలే.

విజయనగరం, శ్రీకాకుళం వైపు జముకుల కథ ఉంది. డొల్లగా ఉన్న పాత్రకు ఒకవైపు తోలు బిగించి, దాని మధ్యనుంచి తీగ లాగి మీటుతారు. తీగను బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, సడలిస్తే కిందికి జారుతుంది. ఏడుపు ఘట్టం వచ్చేసరికి పాట ఆగినా జముకు ఆగదు. మాట చేతకాని దుఃఖానికి వాద్యం తోడు రావడం ఈ కళకున్న గొప్ప బలం. అచ్చువేసిన పుస్తకంలో ఇది దొరకదు.

బొబ్బిలి కథ అందరికీ తెలిసిందే. 1757 జనవరి 24న విజయనగరం పెద విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోటమీద పడ్డారు. కోటలో ఆడవాళ్ళు, పిల్లలు ప్రాణాలు వదిలారు, బొబ్బిలి రాజు రంగారావు నేలకొరిగాడు. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు ఆలస్యంగా వచ్చి, తర్వాత విజయరామరాజు డేరాలోకి దూరి అతన్ని చంపాడు. పెద్దాడ మల్లేశం పేరుతో ప్రచారంలో ఉన్న జంగం కథ మొదలు 1964 నాటి సినిమా దాకా, పాపారాయుణ్ణి నడిపించేది రాజభక్తి మాత్రమే కాదు. రాణి మల్లమ్మ అతని చెల్లెలు. చెల్లెలి కబురు అందేసరికే ఆలస్యమైంది. డేరాలో కత్తి ఎత్తినప్పుడు అతని చేతిలో ఉన్నది బొబ్బిలి సంస్థానం పగ అని చరిత్రకారుడు అంటాడు. కథ వింటున్న ఆడవాళ్ళు మాత్రం చెల్లెల్ని కాపాడుకోలేకపోయిన అన్న తన మీద తాను తీర్చుకుంటున్న కసిగా వింటారు. పని ముగించుకుని తనూ పొడుచుకుని చనిపోవడం ఆ రెండో అర్థానికే అతుకుతుంది.

ఇక్కడ విజయనగరం వాళ్ళు మరో కథ చెబుతారు. బొబ్బిలి కథలో దుర్మార్గుడైన పెద విజయరామరాజుకు ఒక చెల్లెలు ఉంది, పైడిమాంబ. యుద్ధానికి వెళ్ళొద్దని అన్నను బతిమాలింది. అన్న వినలేదు. అతని మరణవార్త విన్నాక ఆమె పెద్దచెరువులో కలిసిపోయి పైడితల్లి అయింది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను ఊరేగుతుంది. పొడవాటి మాను కొసన పూజారి కూర్చుంటాడు, ఆ సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళివస్తుంది. లక్షలమంది చూసే ఈ పండుగ నడుమ ఉన్నది అన్నకు అడ్డుపడిన ఆడపడుచు.

పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళు, ఒకే యుద్ధం, ఇద్దరు చెల్లెళ్ళు. బొబ్బిలి మల్లమ్మ కళ్ళతో చూస్తే విజయరామరాజు కర్కోటకుడు. పైడిమాంబ కళ్ళతో చూస్తే మాట వినని అన్న. ఏ ఒక్క కవీ కూర్చుని ఇలా రాయలేదు, జనం నోళ్ళలోనే ఇలా రూపుదిద్దుకుంది. చెడ్డవాడికి కూడా ఏడ్చే మనిషిని మిగల్చడం చాలా నాటక సంప్రదాయాలకు చేతకాలేదు. ఉత్తరాంధ్ర కథకు అది చేతనైంది, దానికి నమస్కారం పెట్టాలి.

ఈ చూపుతో పద్మనాభానికి తిరిగి వస్తే, చనిపోయిన చిన విజయరామరాజు కథ మరోలా కనిపిస్తుంది. ఆయన ఆ ఇంట పుట్టినవాడు కాడు, దత్తు వచ్చినవాడు. పెద విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు ఎక్కువకాలం బతకలేదు. అప్పుడు ఇంటి పెద్ద రాణి పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చి పెంచుకుంది. పాత రాజు పేరే అతనికి పెట్టింది. హతుడైన మనిషి పేరు మోస్తూ పెరగడం ఏ బాలుడికైనా తేలిక కాదు. అతనికి సవతి అన్న ఉన్నాడు, సీతారామరాజు. తమ్ముడికి గద్దె, అన్నకు దివానుగిరీ. అధికారం నిజంగా అన్న దగ్గరే ఉంది. కొండ జమీందారులను లొంగదీసినవాడు, సంస్థానాన్ని పెంచినవాడు అతనే.

తమ్ముడు పెద్దవాడయ్యాక తనకు తానే రాజుగా ఉండాలనుకున్నాడు. అన్న వదల్లేదు. 1778లో మద్రాసు గవర్నరు థామస్ రంబోల్డ్ జమీందారులను మద్రాసుకు పిలిపించినప్పుడు సీతారామరాజు పైచేయి సాధించాడు. దివానుగిరీ ఇప్పిస్తే లక్ష రూపాయలిస్తానని గవర్నరు ఆంతరంగిక కార్యదర్శి రెడ్‌హెడ్‌కు పత్రం రాసిచ్చాడు. ఆ వ్యవహారం రంబోల్డ్ మీద విచారణలో లండన్ పార్లమెంటు దాకా వెళ్ళింది. తమ్ముణ్ణి బలవంతంగా రాజీకి ఒప్పించారు. అన్న చేతుల్లో సంస్థానం, దూరాన ఉన్న పరాయి దొర చేతుల్లో అన్నదమ్ముల పంచాయితీ. తర్వాతి ఏళ్ళలో సీతారామరాజుకు పదవి పోవడం, మళ్ళీ రావడం, చివరికి 1793లో కంపెనీయే అతన్ని పక్కకు తప్పించడం జరిగాయి. అప్పటికి ఖజానా ఖాళీ, బాకీ కొండంత. లెక్క అన్నదో తమ్ముడిదో తేల్చకుండానే చెల్లించాల్సిన భారం తమ్ముడి మీద పడింది.

మద్రాసు అన్న మాట ఆయన చెవిన ఎలా పడి ఉంటుందో ఇప్పుడు ఆలోచించాలి. అది మామూలు ఊరు పేరు కాదు ఆయనకు. తన ఇంటి విషయం పరాయివాళ్ళ ముందు పెట్టి ఓడిపోయిన చోటు అది. మళ్ళీ అక్కడికే వెళ్ళి నెలకింత అని పుచ్చుకుని కూర్చోమన్నారు. ఆయన వెళ్ళలేదు. దేవుడి కొండ దగ్గర ఆగిపోయాడు. తోడుగా రాచవారు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకప్పుడు తోబుట్టువు దగ్గర దొరకని అండ ఇక్కడ బంధువుల దగ్గర దొరికింది. అది దొరికిన తర్వాత వెనక్కి తగ్గడం మరీ కష్టం. తనకోసం ప్రాణాలివ్వడానికి వచ్చిన మేనమామల, బావమరుదుల కళ్ళలోకి చూసి నేను మద్రాసు వెళ్తున్నాను అని ఏ రాజు చెప్పగలడు? అభిమానం ఆయన్ని నిలబెట్టింది, ఆ అభిమానమే ఆయన్ని చంపింది కూడా.

బొబ్బిలికి వచ్చినంత పేరు పద్మనాభానికి రాలేదు. బొబ్బిలి కథలో శత్రువు బయట ఉన్నాడు, చప్పున అర్థమవుతాడు. పద్మనాభం కథలో శత్రువు ఎవరో తేల్చడం కష్టం. కంపెనీ ఉంది, బాకీ ఉంది, అన్నా ఉన్నాడు. సీతారామరాజును ఉత్త దుర్మార్గుడిగా చూపితే కథ చప్పబడిపోతుంది. అతను కష్టపడి పెంచిన సంస్థానాన్ని తమ్ముడికి అప్పగించడం ఎందుకు కష్టమైందో కూడా చెప్పాలి. ఆ పని వంతలు చేయగలరు. ఒక వంత అన్నవైపు మాట్లాడాలి, ఇంకొక వంత పెంచిన తల్లివైపు. మధ్యలో కథకుడు, తంబురా మీద చెయ్యి ఆనించి, రాజు ఏం అనలేదో చెప్పాలి.

కథ యుద్ధంతో ఆగకూడదు కూడా. పసివాడైన కొడుకు నారాయణబాబును కొండ ప్రాంతాలవైపు తీసుకుపోయారు. తర్వాత కంపెనీ అతనికి తండ్రి సంస్థానాన్ని తగ్గించి తిరిగి ఇచ్చింది. 1802 శాశ్వత శిస్తు ఏర్పాటులో విజయనగరం ఏటా అయిదు లక్షల పేష్కషు కట్టే జమీందారీగా స్థిరపడింది. ఆ కుర్రవాడు తర్వాత విజయనగరాన్ని వదిలి కాశీలో ఏళ్ళ తరబడి ఉండి 1845లో అక్కడే చనిపోయాడు. తండ్రి మద్రాసు వెళ్ళనన్నాడు, కొడుకు తండ్రి ఊళ్ళో ఉండలేకపోయాడు. పద్మనాభం కథ చెప్పదలచిన కొత్త కథకులు యుద్ధం తర్వాతి రాత్రి ఈ పిల్లవాడి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిస్తే, శ్రోతలు రాజుకంటే ముందు నాన్నను చూస్తారు.