తెచ్చాక ఇవ్వాలిగా!

మైపాడు ఒడ్డున పొద్దున్నే ఒక పిల్లోడు, ఒక కుక్క. కుక్కకు జాతి పేరేమీ లేదు. పాలెంలో పుట్టి, పడవల నీడన పెరిగిన నల్ల ఊరకుక్క. వారం నుంచీ పిల్లోడు బంతి విసురుతున్నాడు. కుక్క రివ్వున పోతోంది, బంతిని నోట కరుచుకుంటోంది, అంతే, వెనక్కి రాదు. దగ్గరికి పోతే ఇంకో పది గజాలు అవతలికి ఉరుకుతుంది. "ఇయ్యి! ఇయ్యరా!" అని వాడు వెంటబడేకొద్దీ దానికి పండగే.

పక్కన వల బాగుచేసుకుంటున్న తాత తలెత్తాడు. "నువ్వెంటబడితే అది ఉరక్కుండా ఉంటాదా అబ్బయా? నువ్వే ఇటు లగెత్తు, చూడు!"

పిల్లోడు వెనక్కి తిరిగి పరిగెత్తాడు. కుక్క వాడి వెంట పడింది, నోట్లో బంతితో సహా.

తరమడం కుక్కకు ఎవరూ నేర్పక్కర్లేదు. అది తోడేలు నుంచి వచ్చిన గుణమే. వేటలో తోడేలు చూస్తుంది, పొంచుతుంది, తరుముతుంది, పడుతుంది, చంపి తింటుంది. మనిషి తరతరాలుగా ఏరి పెంచుతూ ఒక్కో జాతిలో ఈ వరసలోని ఒక్కో ముక్కను గట్టిపరిచాడు, తనకు పనికిరానిదాన్ని అణచిపెట్టాడు. లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వెంట ఉన్న కుక్కలు. నీళ్లలో దూకి తాళ్లూ వలలూ అందుకొచ్చేవి. అది జాలరి కుక్క విద్య, మైపాడుకు పరాయిదేం కాదు. మన ఊరకుక్కను మాత్రం ఈ పనికని ఎవరూ ఏరి పెంచలేదు. అందుకే అది ఆలస్యంగా నేర్చుకుంటుంది. దానికిది చేతకాదనడం మాత్రం అన్యాయం. స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తోడేలు పిల్లల్ని పెంచి, ఎనిమిది వారాల వయసులో కొత్త మనిషి చేత బంతి వేయించి చూశారు. 2020లో ఆ ఫలితం బయటికొచ్చింది. 13 పిల్లల్లో మూడు, ఆ మనిషి పిలిస్తే బంతి తెచ్చి ఇచ్చాయి. తోడేలు పిల్లకే ఆ గుణం ఉన్నప్పుడు పాలెం కుక్కకు ఉండదా?

కష్టమంతా ఇవ్వడంలోనే. చేపతలకాయ కోసం నాలుగు కుక్కలతో కొట్లాడి పెరిగిన జీవి అది. నోటికి దొరికింది వదిలితే పోయినట్టేనని దానికి బాగా తెలుసు. చేత్తో లాక్కుంటే ఆ భయం నిజమేనని మనమే రుజువు చేసినట్టవుతుంది. అందుకే 'ఇయ్యి' ముందు నేర్పి, విసరడం తర్వాత మొదలుపెట్టాలి. అదీ ఒడ్డున కాదు, ఇంటి పక్క సందులో, వేరే ధ్యాస లేనిచోట. ఒకేలాంటివి రెండు వస్తువులు పెట్టుకుని, ఒకటి దాని నోట్లో ఉండగా రెండోది చేతిలో ఆడించాలి. లేదంటే ముక్కు దగ్గర ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టాలి. ఉప్పుచేప మాత్రం వద్దు. దవడ సడలుతుంది, నాలుక కదులుతుంది, బంతి జొల్లుతో సహా కింద పడుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే 'ఇయ్యి' అనాలి. ముక్క తినిపించి, వదిలిన బంతిని మళ్లీ దానికే ఇవ్వాలి. ఇస్తే పోదు, తిరిగొస్తుందని దానికి అర్థం కావాలి. ఆ తర్వాతే రెండడుగుల దూరం, ఆపైన పదడుగులు. ఒక్కో విడతకు ఏడెనిమిది సార్లు చాలు. ఇంకా కావాలని అది చూస్తుండగానే ఆపేయాలి.

ఒడ్డున ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. టెన్నిస్ బంతి నూగుకు ఇసుక పట్టి ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది. పాత లుంగీ గుడ్డను మింగలేనంత పెద్ద ముడిగా కడితే అంతకంటే మేలు. సరుగుడు పుల్ల చేతికి అందుతుంది గానీ, ఒక కొన ఇసుకలో గుచ్చుకుంటే రెండోది గొంతులో దిగుతుంది. ఉప్పునీళ్లు తాగితే వాంతులు పట్టుకుంటాయి, మంచినీళ్ల సీసా వెంట ఉండాలి. ఎండెక్కాక ఇసుక అరికాళ్లను కాలుస్తుంది. పారేసిన గాలాలు ఎక్కడున్నాయో ముందు మనిషే నడిచి చూసుకోవాలి.

సంక్రాంతి దాటాక ఇంకో పెద్ద పట్టింపు ఉంది. ఆ నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఈ తీరానికొచ్చి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కోటి సుమారు వంద గుడ్లు పెట్టి పోతాయి. అవి పిల్లలు కావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ గుంటల్ని వాసన పట్టి తవ్వేసేవాటిలో కుక్కలూ ఉన్నాయి. ఆ కాలంలో మెడకు తాడుండాలి, ఆట ఊళ్లోని ఖాళీ స్థలంలోనే సాగాలి. ఇందులో మినహాయింపు అడగడానికి లేదు.

తర్వాతి వారం పిల్లోడి చేతిలో బంతికి బదులు చారల లుంగీ ముడి ఉంది. విసిరాడు. కుక్క పోయి పట్టుకుంది, తిరిగొచ్చి నాలుగడుగుల దూరంలో నిలబడింది. వాడు దాని కళ్లలోకి చూడలేదు, చెయ్యి చాచలేదు. సముద్రంకేసి తిరిగి గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి తడిసి ఇసుకంటుకున్న గుడ్డముడి వాడి పాదం మీద పడింది. కుక్క రెండడుగులు వెనక్కి వేసి, ముందుకాళ్లు చాపి, వాడి కుడిచేతికేసి చూస్తోంది.